రంగనాయకి పేరు ఢిల్లీకి పోయిన ఏడు

కోవిల్‌పట్టి,
11 ఫిబ్రవరి 2025

చెల్లెలు సుబ్బమ్మకు,

ఇక్కడ అందరం బాగున్నాం, కుదురుగా లేనిది నా మనసు ఒక్కటే. మిరప కోతకు వచ్చింది. కూలివాళ్ళు దొరకడం లేదు. అగ్గిపెట్టెల కంపెనీ వ్యాన్లు తెల్లవారకముందే వచ్చి ఊరినంతా ఎక్కించుకుని పోతున్నాయి.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ముసలాయన ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోనులో మాట్లాడిందంతా ఎవరో పట్టి దాచుకుంటారని మా వసంతకుమార్ చెప్పాడు. కొడుకు చెప్పిన ప్రతిదీ నేను నమ్మను గాని ఇది నమ్మాను. తమిళంలో రాద్దామంటే పోస్టాఫీసు నుంచి నీ వీధి దాకా చదవనివాడు లేడు. అందుకే అమ్మ పలక మీద దిద్దించిన అక్షరాలు బయటికి తీశాను. మన ఊళ్ళో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదవగలిగినవాడు నేను తప్ప ఇంకొకడు లేడు. ఇంతకంటే మంచి తాళం నాకెక్కడ దొరుకుతుంది?

సంగతి ఇది. మన రంగ పేరు పేపర్లో వచ్చింది. సుప్రీంకోర్టుకు కొత్త జడ్జీలను తీసుకుంటారట, మన హైకోర్టు మదురై బెంచి నుంచి జస్టిస్ రంగనాయకి పేరు కూడా మాటల్లో ఉందట. కడగొట్టు చెల్లెలు ఢిల్లీలో కూర్చుంటుందంటే నాకు సంతోషం కాదా? కానీ పని కాకముందే పేపర్లో వేయించినవాడు ఎవడు? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందుగా చాటేవాడు మేలు కోరేవాడు కాడు.

ఇంకొకటి. నిన్న బస్టాండులో వేలాయుదం కనబడ్డాడు. సొంత చిన్నాయన కొడుకై ఉండి, నాతో పొలం దారి కేసు ఓడినప్పటి నుంచి నా ముఖం చూడనివాడు, నిన్న పళ్ళన్నీ బయటపెట్టి "అన్నా, బాగుండావా? చెల్లి పేరు పేపర్లో చూస్తిమి" అన్నాడు. వాడి నవ్వు నాకు నచ్చలేదు.

జడ్జీలను ఢిల్లీకి ఎట్లా ఎంచుతారు? పరీక్ష ఉంటుందా? ఎవరినైనా పోయి చూడాలా? మీ ఆయన వకీలు గుమాస్తాగా బతికిన మనిషి గనుక నీకు తెలిసి ఉంటుంది. రంగను అడిగితే "నీకెందుకన్నా" అంటుంది.

ఇట్లు,
అన్న పెరియసామి


విరుదునగర్,
19 ఫిబ్రవరి

అన్నకు నమస్కారాలు.

నీ తాళం బాగానే ఉంది. కానీ పోస్ట్‌మ్యాన్ కవరు తిప్పి తిప్పి చూసి, "ఏం పాటీ, ఇది ఏ దేశం నుంచి?" అని నన్ను అవ్వను చేసి వీధంతా వినబడేటట్టు అడిగాడు. ఇకమీదట మన ఉత్తరాల మీద ఈ వీధి కన్నంతా ఉంటుంది. గుట్టు దాచడంలో నిన్ను మించినవాడు లేడు.

పరీక్ష లేదు, ఓటు లేదు. సుప్రీంకోర్టులో అందరికంటే పెద్దవాళ్ళు అయిదుగురు, ప్రధాన న్యాయమూర్తి, ఆయన తరువాతి నలుగురు, ఒక గదిలో కూర్చుని పేర్లు తీస్తారు. సంబంధం మాట్లాడే పెద్దలు తలుపేసుకుని మాట్లాడి, బయటికి వచ్చి "అన్నీ కుదిరినాయి" అంటారే, అట్లాగన్నమాట. ఏం కుదిరిందో, ఎవరిని ఎందుకు వద్దన్నారో పూర్తిగా ఎవరికీ తెలియదు. ఆ పేర్లు ప్రభుత్వానికి పోతాయి. వాళ్ళు తమ మనుషులను పెట్టి విచారించుకుంటారు. నచ్చకపోతే ఒకసారి వెనక్కి పంపవచ్చు. అయిదుగురూ మళ్ళీ అదే పేరు పంపితే వెయ్యక తప్పదంటారు. కానీ ఎప్పటిలోగా అని ఎక్కడా లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

రంగకు సెప్టెంబరు మొదట్లో అరవై రెండు నిండుతాయి. హైకోర్టు జడ్జీకి అదే ఆఖరు. అంతలోపల ఢిల్లీ ఉత్తర్వు వస్తే ఇంకో మూడేళ్ళు, రాకపోతే ఇంటికి. కాబట్టి చెడగొట్టదలచినవాడు పేరు చెడగొట్టనక్కర లేదు, ఆలస్యం చేస్తే చాలు.

నువ్వన్నట్టు వేలాయుదాన్ని నేనూ నమ్మను. ఓడినవాడి కడుపుమంట ఊరికే ఆరదు. ఒక ఆకాశరామన్న ఉత్తరం పడేస్తే ఆపేదెవరు? నువ్వు మాత్రం నోరు విప్పకు. రంగ పేరు ఎత్తి ఎవరేమడిగినా నాకేమీ తెలియదు అను. ఇంటి గుట్టు లంకకు చేటు.

మోకాళ్ళ నొప్పి అట్లాగే ఉంది. నువ్వు అడగలేదు గాని చెబుతున్నాను.

చెల్లెలు,
సుబ్బమ్మాళ్


కోవిల్‌పట్టి,
23 మార్చి

సుబ్బమ్మా,

చూశావా, అయిదుగురూ రంగ పేరు రాసేశారు! నలుగురి పేర్లలో మనదొకటి. పేపర్లో ఫోటో కూడా వేశారు, అందులో రంగ అచ్చం అమ్మలాగ ఉంది. టౌనుకు పోయి వేరుశనగల కడలై మిఠాయి కొన్నాను. ఊళ్ళో పంచుదామనుకుని, ఎవరి కన్ను ఎట్లాంటిదో అని బీరువాలో పెట్టి తాళం వేశాను. చీమలు పట్టాయి. సంతోషాన్ని దాచిపెడితే చీమలకే పోతుందని మీ వదిన సాధిస్తోంది.

ఇంకొక మంచి మాట. మన సంగవికి సంబంధం వచ్చేటట్టుంది. మనవరాలికి ఇరవై నాలుగు దాటాయని నేను పడుతున్న బాధ నీకు తెలుసు. మొన్న మధ్యాహ్నం ఒక మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో చిన్న సంచి. ముందు టీ అంగట్లో కూర్చుని మన ఇంటి గురించి విచారించాడట, ఆ తరువాత మన వాకిటి తిన్నె మీదికి వచ్చాడు. తమిళంలో మొదలుపెట్టాడు. నేను ఇంట్లోకి తిరిగి "మజ్జిగ తీసకరాండి" అనడంతో ముఖం వెలిగింది. మన మాట వచ్చు, కానీ పుస్తకం చదివినట్టు పలుకుతాడు. ఆంధ్రా వైపు మనిషి. అమ్మ పుట్టింటి వైపు నుంచి ఎవరో పంపారని వెంటనే పట్టేశాను. పని ఏమిటని అడిగితే, "ఊరికే, కుటుంబం గురించి తెలుసుకుందామని" అన్నాడు. సంబంధానికి వచ్చినవాడు ఏనాడు సూటిగా చెప్పాడు?

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు. మన పద్ధతి నీకు తెలియంది కాదు. చెప్పేవాడు రెట్టింపు చెప్పాలి, వినేవాడు సగం తీసుకోవాలి, అప్పుడు లెక్క సరిపోతుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే అందులోనూ సగం కొట్టేస్తారు. కాబట్టి నేను తగ్గలేదు.

"మీ చెల్లెలు గారు జడ్జి కదా, ఇక్కడి వ్యవహారాలు చూసుకుంటారా?" అని అడిగాడు.

"ఏం సామీ అట్ల అడుగుతావు? మా చెల్లి ఒక మాట చెప్పిందంటే కలెక్టరు లేసి నిలబడతాడు. మా దారి కేసు ఎట్ల గెల్చినాం అనుకుంటాండావు? అంతా ఆమె చెయ్యే. ఈ తాలూకాలో ఎవరికి ఏ పని కావాల్నన్నా ముందు ఈ తిన్నె మీదనే వచ్చి కూర్చుంటారు. మా ఇంటి పిల్లను చేసుకునేవాడికి ఏం కొరతా ఉండదు" అన్నాను.

మెచ్చుకున్నట్టు తల ఊపాడు. మజ్జిగ రెండు గ్లాసులు తాగాడు. ఢిల్లీ సంగతి మాత్రం నా నోట ఒక్క ముక్క రాలేదు. నీకిచ్చిన మాట తప్పలేదు.

అన్న,
పెరియసామి


విరుదునగర్,
27 ఏప్రిల్

అన్నకు,

అమ్మవారి పంగుని పొంగలి జాతరకు రమ్మంటే రాలేదు. వచ్చి ఉంటే ఈ సంగతి ఎదురుగా చెప్పేదాన్ని.

పంపిన నలుగురిలో ముగ్గురికి ఉత్తర్వు వచ్చింది. ప్రమాణం కూడా చేశారు. రంగ ఒక్కతిదే ఆగిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పరు. తలుపేసుకుని ఎంచినవాళ్ళు వేరు, తలుపేసుకుని ఆపినవాళ్ళు వేరు. బయట నిలబడిన మనం తలుపు చెక్కను చూస్తూ ఉండాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న మాట ఎవడో ఢిల్లీని చూసే కట్టి ఉంటాడు.

పోయిన వారం ఒక పెండ్లికి వచ్చి రంగ నా దగ్గర దిగింది. ఇడ్లీ చల్లారిపోయేదాకా కూర్చుని ఒకటే అడిగింది. "అక్కా, అన్న దగ్గరికి ఎవరైనా వచ్చినారా? అన్న ఏమైనా చెప్పినాడా?" లేదు, అన్న నోరు విప్పలేదు, అని చెప్పాను. నీ సంబంధం కథ చెప్పి ఆమె తల తినడం దేనికని ఊరుకున్నాను. కానీ అప్పటి నుంచి నాకు లోపల ముల్లు గుచ్చినట్టుంది.

ఆ ఇస్త్రీ చొక్కా మనిషి వేలాయుదం పంపినవాడై ఉంటాడు. వాడి వకీలు మనిషేమో. దారి కేసులో రంగ చెయ్యి ఉందని నీ నోటితోనే అనిపించుకుపోయాడు. అందులో రంగ చేసిందేముంది? గెలిచింది నీ పత్రాలు బాగుండి. అంత పెద్ద అబద్ధం ఎట్లా ఆడావు? ఆ మనిషి మళ్ళీ వచ్చాడా? అబ్బాయి జాతకం ఏమైనా పంపాడా? ఇన్నాళ్ళూ పలుకు లేదంటే అనుమానం రాలేదా నీకు? పోస్ట్‌మ్యాన్‌ను అనుమానిస్తావు, మిఠాయి తినే నోళ్ళను అనుమానిస్తావు, తిన్నె ఎక్కి కూర్చున్నవాడికి మాత్రం మజ్జిగ పోస్తావు.

సుబ్బమ్మాళ్


కోవిల్‌పట్టి,
14 మే

సుబ్బమ్మా,

నీ ఉత్తరం చదివి నేరుగా వేలాయుదం కళ్ళానికి పోయాను. మిరపకాయలు ఆరబోస్తున్నాడు. పదిమంది చూస్తుండగా అడిగేశాను. "ఒరే, ఆకాశరామన్న ఉత్తరం రాసింది నువ్వే కదా? మా ఇంటికి మనిషిని పంపి మాట రాబట్టింది నువ్వే కదా? ఆడపిల్ల బాగుపడతాంటే నీకు అంత కడుపుమంటా?"

వాడు కోపం చేసుకుంటే నాకు హాయిగా ఉండేది. చేట కింద పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, నేను ఓడినోణ్ణి. నాకు కోపం ఉండాది, నీ మీద. ఆ యమ్మ మీద ఏంటికి? మా కేసు ఆమె ముందరికి వచ్చిన దినమే, ఇది మా ఇంటి కేసు, నేను వినకూడదు అని కాగితాలు తాకకుండా వేరే జడ్జీకి పంపేసింది. మీ ఇంటికి వచ్చినాయన నా దగ్గరికీ వచ్చినాడు. ఆ యమ్మ ఎట్లాంటి మనిషని అడిగినాడు. ఉన్నది ఉన్నట్ల చెప్పినా. దర్మం తప్పి మాట్లాడితే నా నోరు పడిపోతుంది."

నేను నమ్మలేదు. నమ్మకుండానే ఇంటికి వచ్చాను. కానీ రాత్రి నుంచి ఒక మాట నన్ను తినేస్తోంది. పెండ్లి సంబంధానికి వచ్చినవాడు మనతో కేసు ఓడినవాడి ఇంటికి ఎందుకు పోతాడు? సంగవి పేరు వాడి దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదట. అడిగిందంతా రంగ గురించేనట. మళ్ళీ ఆలోచించుకుంటే, నా దగ్గర కూడా సంగవి గురించి వాడు అడగలేదు. చెప్పుకున్నవాణ్ణి నేనే.

వేలాయుదం అబద్ధం ఆడుతున్నాడని వెంటనే రాయి. నీ జవాబు కోసం చూస్తుంటాను.

పెరియసామి


విరుదునగర్,
5 జూన్

అన్నా,

ఆ మనిషి పెండ్లికి రాలేదు. ప్రభుత్వం విచారణకు పంపితే వచ్చాడు. వేలాయుదం పంపినవాడని నేను రాసిన మాట కూడా తప్పే.

రంగ పేరు వెనక్కి వచ్చింది. రాసిన కారణం ఇది. చదువుకో. కుటుంబ సభ్యులు ఆమె పదవిని చెప్పుకుని పలుకుబడి చూపిస్తారని, సొంత కేసులో కూడా ఆమె జోక్యం ఉందని ఆమె సోదరుడే స్వయంగా చెప్పాడని. రంగ ఈ ముక్క నాకు ఫోనులో చదివి వినిపించింది. చదివి ఫోను పెట్టేసింది. ఆమెకు అర్థమైందని నాకు అర్థమైంది. ఏప్రిల్‌లో, అన్న దగ్గరికి ఎవరూ రాలేదని నేనాడిన అబద్ధం కూడా.

నువ్వు రెట్టింపు చెప్పావు, వాడు సగం చేసుకోలేదు. ఆంధ్రావాడికి మన లెక్క ఏం తెలుసు? ఉన్నదంతా మూట కట్టుకుని పోయాడు. పగవాడు నిజం చెప్పాడు, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తోడబుట్టినవాడి అబద్ధాన్ని మాత్రం ముత్యంలా ఏరుకున్నారు. నాకు నీ మీద ఎంత కోపం ఉందో, వాళ్ళ మీదా అంత కోపం ఉంది. ఆపదలచినవాడికి ఒక సాకు కావాలి, అది నువ్వు మజ్జిగతో కలిపి ఇచ్చావేమో అని కూడా అనిపిస్తుంది. నువ్వు ఇవ్వకపోతే ఇంకొకటి దొరికేదేమో. ఎవరికి తెలుసు? అదెప్పటికీ తెలియదు చూడు, అందుకే నాకు నిద్ర రావడం లేదు.

ఆశ పూర్తిగా పోలేదు. అయిదుగురూ దారి కేసు కాగితాలు తెప్పించుకుని చూశారట. మొదటి రోజే ఆమె తప్పుకున్నట్టు అందులో ఉంది. రంగ పేరే మళ్ళీ పంపారు. ఇక వెయ్యక తప్పదు, వేసేదాకా ఆగడమే.

నువ్వు ఏమీ చెయ్యకు. ఢిల్లీకి ఉత్తరం రాయకు. ఎవరి కాళ్ళూ పట్టుకోకు. నువ్వు మంచి చేద్దామని లేచినప్పుడే నాకు భయం.

సుబ్బమ్మాళ్


కోవిల్‌పట్టి,
18 ఆగస్టు

సుబ్బమ్మా,

ఇన్నాళ్ళూ నీకు రాయడానికి చెయ్యి లేవలేదు. నేను ఆడింది అబద్ధమని స్టాంపు పేపరు మీద రాసి సంతకం పెట్టి పంపుతానని టౌనులో ఒక వకీలును అడిగాను. "పెద్దాయనా, అప్పుడు ఆడింది అబద్ధమో ఇప్పుడు ఆడేది అబద్ధమో వాళ్ళకు ఎట్ల తెలుస్తుంది?" అన్నాడు. లేచి వచ్చాను.

సంగవికి నిజంగానే ఒక సంబంధం వచ్చింది, తిరుత్తంగల్ నుంచి. నేను బుద్ధి తెచ్చుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇంత పొలం, ఇంత అప్పు, జడ్జీ చెల్లెలు ఉంది గాని ఆమె మాకు ఏ పనీ చెయ్యదు, అని. వాళ్ళు మన పద్ధతిలో అందులోనూ సగం కొట్టేసి, ఇంట్లో ఏదో పెద్ద లోపం ఉందని అనుమానపడి పోయారు. సంగవి మాత్రం "పోతే పోనీ తాతా, నేనేం సంతలో ఎద్దునా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రంగ రెండుసార్లు ఫోను చేసింది. నేను ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పను? కేకలు వేస్తే పడతాను. వెయ్యకుండా "బాగున్నావా అన్నా" అంటే నేను తట్టుకోలేను. చెల్లెలికి శత్రువు ఎవడా అని ఊరంతా వెతికాను, సుబ్బమ్మా. తిన్నె మీద కూర్చుని ఉన్నది నేనే. వేలాయుదం రోజూ కళ్ళెదుటే తిరుగుతున్నాడు. క్షమించమని అడగాలని ఉంది, నోరు రాదు.

ఉత్తర్వు సంగతి ఏమైనా తెలిసిందా? పేపరు తెరవాలంటే భయంగా ఉంది.

పెరియసామి


విరుదునగర్,
9 సెప్టెంబరు

అన్నా,

పేపరు తెరవలేదన్నావు గనుక నేనే రాస్తున్నాను. ఉత్తర్వు రాలేదు. వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. కాగితం ఎవరి బల్ల మీద ఉందో ఉంది. రంగకు అరవై రెండు నిండాయి. కోర్టులో వీడ్కోలు చేసి, దండ వేసి, మంచి మాటలు చాలా చెప్పారట. ఆ దండతోనే మదురై నుంచి నేరుగా నా ఇంటికి వచ్చింది.

రెండు రోజులు నిద్రపోయింది. మూడోనాడు నేనే అడిగాను, అన్న మీద కోపంగా ఉందా అని. నువ్వు అడగాల్సింది నేను అడిగాను.

"అన్న మీద కోపం ఏం ఉండాది అక్కా? అన్న పెండ్లి మాట మాట్లాడినాడు. మన ఇండ్లల్లో అట్లనే మాట్లాడతారు, నాకు తెల్దా?" అంది. మళ్ళీ తనే అంది. "నేను కుర్చీలో కూర్చున్నన్ని ఏండ్లు, ఎంత పెద్ద దొంగనైనా, నువ్వేమంటావు అని అడగకుండా ఒక్క తీర్పు రాయలేదు. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. పేరు రాసినోళ్ళు అడగలేదు, ఆపినోళ్ళు అడగలేదు. అడిగి, నా మాట విని, వద్దనుంటే నేను తలవంచుకుని పోయుందును." అప్పుడు ఏడ్చింది అన్నా. నాయన పోయినప్పుడు తప్ప రంగ ఏడవడం నేను చూడలేదు. నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, ఢిల్లీని తిట్టినన్ని తిట్లు తిట్టాను. మధ్యలో నిన్ను కూడా రెండు తిట్టాను, దాచడమెందుకు?

ఆదివారం రంగ, నేను బస్సులో నీ దగ్గరికి వస్తున్నాం. వేలాయుదం ఇంటికి కూడా పోతుందట, ముందు నీ దగ్గరికి. "అన్న ఏమన్నాడో అందరూ కాగితంలో చదివినారు. ఏంటికి అన్నాడో అన్న నోట ఎవరూ వినలేదు. నేను వింటా" అంటోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆమె నీ మాట పూర్తిగా వినిన తరువాతనే ఏదైనా అంటుంది, మధ్యలో అడ్డం రాదు. అది ఆమెకు అలవాటు.

ఇంట్లోనే ఉండు. పొలం పని ఉందని పోయి దాక్కోకు.

చెల్లెలు,
సుబ్బమ్మాళ్